కుళాయిలోని రాయి

పలనాటి సీమలోని పిడుగురాళ్ల చుట్టుప్రక్కల నేలలో సున్నపురాయి మెండు. ఆ రాయిని పగులగొట్టి, బట్టీలలో కాల్చి, సున్నము చేసి దూరప్రాంతములకు పంపుట ఆ యూరివారిలో పలువురకు జీవనోపాధి. గోడలకు కొట్టు వెల్లయు, తాంబూలమునకు రాచుకొను సున్నమును, కట్టడములకు వాడు సిమెంటును ఆ జాతి రాతినుండియే పుట్టుచున్నవి. ఇంత యెఱిగియు, అదే రాయి తమ ఇంటి కుళాయిలోనికి ప్రవేశించి నీటికి అడ్డుపడుచున్నదని ఆ యూరిలోని ఒక కుటుంబమువారు చాలకాలము తెలిసికొనలేకపోయిరి.

ఆ ఇంటి యజమాని ఒక దుకాణములో గుమాస్తా. ఆరేండ్ల క్రిందట ఆయన అప్పు చేసి చిన్న ఇల్లు కట్టించెను. పెరటిలో బోరు వేయించి, మేడపై తొట్టి పెట్టించి, స్నానపు గదిలో షవరని అందఱును పిలుచు జల్లుకుళాయిని అమర్చెను. వృద్ధురాలైన తల్లికి మోకాళ్ల నొప్పులు. ఆమెకొఱకు గోడకు ఒక గీజరు కూడ తగిలించెను. మొదటి యేడు జల్లు వానవలె కురిసెను. రెండవ యేట రంధ్రముల చుట్టును తెల్లని పొర కనబడెను. పిమ్మట ఒక్కొక్క రంధ్రమే మూసికొనిపోవుచు, ఆరవయేటికి ఏడెనిమిది మాత్రమే మిగిలెను. అవియైనను నీటిని తిన్నగా విడువక, ఒకటి గోడమీదికిని, ఒకటి తలుపుమీదికిని చిమ్ముచుండెను.

"ఇది జల్లు కాదురా, ఒకరిమీద ఒకరికి గిట్టని తోడికోడండ్లు! ఎవరి దారి వారిదే," అని నాయనమ్మ మనుమనితో అనుచుండెడిది.

గీజరు సంగతి అంతకంటె విచిత్రము. పూర్వము పావుగంటలో కాగు నీరు ఇప్పుడు ముప్పావుగంటకుగాని కాగదు. కాగునప్పుడు లోపల ఎవరో గులకరాళ్లను కుదిపినట్లు టకటకమని చప్పుడు. కరెంటు బిల్లు నెలనెలకు పెరుగుచుండెను. వంటయింటిలో కందిపప్పు ఉడకదు. సబ్బు నురుగు రాదు. స్టీలు గ్లాసులపై తెల్లని మచ్చలు. వీనినన్నిటిని ఆ ఇంటి ఇల్లాలు వేర్వేరు బాధలుగా భావించి, పప్పుకు దుకాణదారును, సబ్బుకు కంపెనీని, మచ్చలకు పనిమనిషిని నిందించుచుండెను. వీని కన్నిటికి కారణమొక్కటే యని ఆమెకు తోచలేదు.

ఒక ఆదివారమునాడు యజమాని విసిగి బజారునకు పోయి, మరుగుదొడ్లు కడుగుటకు అమ్ము ఘాటైన ఆసిడు సీసానొకదానిని తెచ్చి, "దీనిని పోసినచో రాయియైనను కరగునట," అని భార్యచేతి కిచ్చెను. ఆ ఉదయముననే స్నానపు గదినేలపై పాచి పోవుటకు ఆమె బ్లీచింగుపొడి చల్లియుండెను. పొడి ఇంకను తడిగా నేలపై నుండగనే, ఆమె సీసా మూత త్రిప్పబోవుచుండెను. అదే సమయమున, కుళాయిలు బాగుచేయుటకు పిలువబడిన వృద్ధుడగు మేస్త్రి వాకిట చెప్పులు విడిచి లోనికి వచ్చెను. క్లోరిను వాసన ఆయన ముక్కునకు సోకెను, సీసా కంటబడెను.

"అమ్మగారూ, ఆగుడు! ఆ మూత తీయకుడు!" అని ఆయన గట్టిగా అరచెను.

ఇల్లాలు ఉలికిపడి సీసాను క్రింద పెట్టెను. మేస్త్రి దానిని తీసికొనిపోయి పెరటిలో దూరముగా నుంచి, నేలమీది పొడినంతయు సమృద్ధిగా నీరుపోసి కడిగించి, కిటికీ తెరపించిన తరువాతగాని మాటాడలేదు. ఆయన భయము నిష్కారణమైనది కాదు. ఆసిడును బ్లీచింగుపొడియు కలిసినచో క్లోరిను వాయువు వెలువడును. అది ఆకుపచ్చ ఛాయగల పసుపువన్నె విషవాయువు. ఊపిరితిత్తులలోని తడితో కలిసి వానిని కాల్చివేయును. మొదటి ప్రపంచయుద్ధమున 1915 ఏప్రిలు 22వ తేదీన బెల్జియములోని ఈప్ర వద్ద జర్మను సైన్యము శత్రువులమీదికి విడిచినది ఈ వాయువే. వాకిలి మూసిన చిన్న స్నానపు గదిలో అది పుట్టినచో తప్పించుకొనుటకు వ్యవధి యుండదు. శుభ్రపఱచు మందులను రెండింటిని ఒకేచోట ఎన్నడును కలుపరాదు. ఈ ఒక్క సంగతి తెలియక ప్రాణాపాయము తెచ్చుకొన్నవారు అనేకులు.

"అయితే ఆ తెల్లని రాయి పోవు మార్గమేది, మేస్త్రిగారూ?" అని ఎనిమిదవ తరగతి చదువుచున్న కుమారుడు అడిగెను.

"నిమ్మకాయతో పోవుదానికి పిడుగెందుకు, నాయనా? వంటయింటిలో వినెగరు ఉన్నచో తెమ్ము," అని మేస్త్రి నవ్వెను.

ఆయన జల్లుకుళాయి తలను మరలు విప్పి క్రిందికి దింపి, ఒక ప్లాస్టిక్ గిన్నెలో నుంచి, అది మునుగునంత వినెగరు పోసెను. వెంటనే రంధ్రములనుండి సన్నని బుడగలు లేచి, సోడా కొట్టినట్లు సుయ్యిమని చప్పుడాయెను. బాలుడు వంగి చూచుచుండగా అతని మోచేయి తగిలి కొంత వినెగరు నేలపై ఒలికెను. అది నాపరాళ్లు పఱచిన నేల. ఆశ్చర్యము! ఒలికినచోటకూడ బుడగలు లేచెను. తుడిచిన పిమ్మట చూడగా, నున్నగా మెఱయుచుండిన రాతిపై ఒక మసక మచ్చ నిలిచిపోయెను.

నాయనమ్మ మనుమని మందలించెను గాని, వానికి మందలింపు చెవి కెక్కలేదు. కుళాయిలోని రాయియు నేలమీది రాయియు ఒకే విధముగా పొంగుటేమి? రెండును ఒకటేనా?

రెండును ఒకటే. నాపరాయి సున్నపురాయిలో ఒక తెగ. సున్నపురాయిలో ముఖ్యపదార్థము కాల్షియము కార్బొనేటు. పూర్వపు తెలుగు శాస్త్రగ్రంథములలో కాల్షియమును ఖటికమనియు, కార్బన్ డయాక్సైడును బొగ్గుపులుసు వాయువనియు వ్రాసెడివారు. ఆ పేర్లు పాతవైనను భావము తేటగా నుండును. కాల్షియము కార్బొనేటుపై ఏ పులుపు పదార్థము పడినను బొగ్గుపులుసు వాయువు బుడగలై లేచిపోవును. మిగిలినది నీటిలో కరగిపోవును. నేలపై పాలరాయి, నాపరాయి పఱచినవారు పులుపుతో నేల కడుగరాదనుటకు కారణమిదియే; మురికితోపాటు నేలయు కొంత పోవును.

మఱి నేలలోని రాయి కుళాయిలోని కెట్లు ఎక్కినది? ఇందలి కథ చాల పొడవైనది. అది ఆకాశమున మొదలగును.

వాననీటికి స్వతహాగా రాతిని కరగించు శక్తి లేదు. బొగ్గుపులుసు వాయువు లేని శుద్ధమైన నీటిలో లీటరుకు సుమారు 15 మిల్లీగ్రాముల సున్నపురాయికంటె కరగదు. కాని వాన పడునప్పుడు గాలిలోని ఆ వాయువును కొంత గ్రహించును. నేలలో ఇంకునప్పుడు, వేళ్లు శ్వాసించుటవలనను ఆకులలములు క్రుళ్లుటవలనను మట్టిలో పుట్టిన వాయువును మఱింత ఎక్కువగా గ్రహించును. అట్లు కొంచెము పులిసిన నీరు సున్నపురాతి పొరలలో సంవత్సరముల తరబడి తిరుగుచు, రాతిని లీటరుకు వందల మిల్లీగ్రాముల చొప్పున తనలో కలుపుకొనును. అప్పుడు కాల్షియము కార్బొనేటు కాల్షియము బైకార్బొనేటుగా మారును. ఇది కంటికి కనబడదు. బోరులో పైకి వచ్చిన నీరు అద్దమువలె తేటగనే యుండును. ఇట్టి నీటినే శాస్త్రజ్ఞులు కఠినజలమందురు, జనులు ఉప్పునీరందురు. నాలుకకు ఉప్పగా తోచకపోయినను అది ఉప్పునీరే, ఏలయన కాల్షియము లవణములును లవణములే గదా!

రాయి నీరగుట సగము కథ. నీరు మరల రాయి యగుట మిగిలిన సగము. నీటిని కాచినపుడుగాని, గాలికి ఆరవిడిచినపుడుగాని అందలి వాయువు లేచిపోవును. వాయువు పోగానే కరగియున్న రాయికి ఆధారము తప్పి, అది మరల తెల్లని గారయై పేరుకొనును. చక్కెర, మామూలు ఉప్పు వేడినీటిలో ఎక్కువ కరగునని మన మెఱుగుదుము. ఈ రాయి అందుకు విరుద్ధము. నీరు వేడెక్కినకొలది విడిపోవును. కాబట్టియే చన్నీటి గొట్టములలో అంతగా కనబడని గార గీజరులోను, కాగులోను, కెటిలులోను త్వరగా కట్టును. జల్లుకుళాయి రంధ్రములయొద్ద కారణము వేఱు. నీరు ఆపిన తరువాత ఒక్కొక్క రంధ్రమున ఒక చుక్క మిగులును. ఆ చుక్క ఆరిపోవును. దానిలోని రాయి మిగిలిపోవును. పూటకొక చుక్క, ఆరేండ్లలో వేలకొలది చుక్కలు.

కర్నూలు సీమలో ఈ పనియే మఱియొక కొలతలో జరిగినది. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల సమీపమునగల బెలుం గుహలను 1884లో రాబర్టు బ్రూస్ ఫుట్ అను భూగర్భశాస్త్రవేత్త గుర్తించి వ్రాసెను. ఆ గుహల పొడవు మూడు కిలోమీటర్లకు మించును. భూగర్భజలము సున్నపురాతిని యుగములపాటు తొలుచుకొనిపోవుటచేతనే అవి ఏర్పడినవి. అరకు మార్గములోని బొఱ్ఱా గుహలలో కప్పునుండి వ్రేలాడు రాతి ఊడలును, నేలనుండి లేచిన శివలింగాకారములును నీరు మరల రాయిగా మారుటకు సాక్ష్యములు. యాత్రికులు టిక్కెట్టు కొని చూచి ఆశ్చర్యపడు ఆ ఊడలకును, ఇంటిలో అందఱును తిట్టుకొను కుళాయి గారకును జాతిభేదము లేదు.

రోమకులు క్రీస్తుశకము మొదటి శతాబ్దమున నేటి ఫ్రాన్సుదేశములోని నీమ్ నగరమునకు నీరు తెచ్చుటకై సుమారు 50 కిలోమీటర్ల కాలువ నిర్మించిరి. పాన్ దు గార్ అను మూడంతస్తుల వంతెన దానిలోని భాగమే. ఆ కాలువ గోడలకు అడుగుకు మించిన మందమున సున్నపు గార పేరుకొని, నీటిదారి క్రమముగా ఇరుకైపోయెను. కాలువ పాడుపడిన పిమ్మట జనులు ఆ గారనే పలకలుగా పెరికి కట్టడములకు వాడుకొనిరి. అయితే గారను పూర్తిగా శత్రువని అనుటయు న్యాయము కాదు. రోమకుల ఇండ్లకు నీరు సీసపు గొట్టములలో పోవుచుండెను. సీసము విషము. గొట్టము లోపల కట్టిన సున్నపు పొర ఆ విషము నీటిలో చేరకుండ కొంతవఱకు కాపాడెను.

ఇక పిడుగురాళ్ల ఇంటికి వత్తము. వినెగరులో కుళాయి తల నానుచుండగా మేస్త్రి గీజరువైపు చూచెను.

"బాబుగారూ, దీనిని ఎప్పుడైన విప్పించినారా?"

"కొన్ననాటినుండి విప్పలేదు. పని చేయుచున్నది గదా!" అని యజమాని బదులు చెప్పెను.

మేస్త్రి ముందుగా గోడమీది స్విచ్చును, పిమ్మట మెయిను స్విచ్చును ఆపించెను. గీజరు అడుగున వ్రేలితో ఎత్తదగిన చిన్న మీటగల ఇత్తడి వాల్వొకటి యుండును. ఆయన ఆ మీటను ఎత్తబోయెను. అది కదలలేదు. బలముగా ఎత్తెను. ఒక చుక్కయైనను రాలేదు. ఆయన ముఖము గంభీరమాయెను.

"షవరు మాట తరువాత చూచుకొందము. ఇది రక్షణకొఱకు పెట్టిన వాల్వు. నీరు కాగినకొలది ఉబ్బును. వేడిని అదుపుచేయు థర్మోస్టాటు చెడిపోయినచో నీరు మరగి ఆవిరి పుట్టి లోపల ఒత్తిడి పెరుగును. అప్పుడు ఈ వాల్వు తెరచుకొని నీటిని బయటికి విడువవలెను. మీ వాల్వు గారతో బిగుసుకొనిపోయినది. థర్మోస్టాటొక్కటే ఇన్నాళ్లు ఈ ఇంటిని కాపాడినది. అదియు గార పట్టియే యుండవచ్చును. రెండును ఒక్కసారి మొరాయించినచో ఆ తొట్టి బాంబువలె ప్రేలును."

ఎవ్వరును మాటాడలేదు. ఆ గీజరు క్రిందనే పీట వేసికొని ప్రతిదినము స్నానము చేయునది నాయనమ్మ. యజమాని తల్లివైపు చూచి తల వంచుకొనెను.

మేస్త్రి గొట్టములను విడదీసి, నీరు పోనిచ్చి, గీజరును క్రిందికి దింపి అడుగుబిళ్లను విప్పెను. లోపలి తాపనదండము, అనగా కరెంటుచే కాగు లోహపు చుట్ట, గుర్తింపరాకుండెను. గింజలతో నిండిన మొక్కజొన్న కంకివలె దాని చుట్టును తెల్లని గార పెచ్చులు కట్టియుండెను. తొట్టి అడుగునుండి తీసిన పెచ్చులు రెండు డబ్బాలు నిండెను. టకటకమను చప్పుడు వీనిదే. గార పొర క్రింద చిక్కిన నీరు ఆవిరియై పొరను పగులగొట్టుకొని వచ్చునప్పుడు ఆ శబ్దము పుట్టును. రాగికంటె ఈ గార వేడిని వందరెట్లకు మించి తక్కువగా ప్రసరింపజేయును. అందుచేత దండము లోలోపల మండిపోవుచున్నను నీటికి వేడి త్వరగా అందదు. కొంత కాలమునకు దండమే కాలిపోవును. కరెంటు బిల్లు పెరుగుటకును, నీరు ఆలస్యముగా కాగుటకును కారణమిదియే. ఆవిరి రైలుబండ్ల కాలమున ఇంజనుల బాయిలరులను నియమిత దినములలో చల్లార్చి లోపల కడుగుచుండినది కూడ ఈ గార భయముచేతనే. డ్రైవరుకు వేగముకంటె బాయిలరు ముఖ్యము.

తాపనదండముమీది పెచ్చులను కొయ్యముక్కతో మెల్లగా రాల్చి, మిగిలినదానిని వినెగరులో నానబెట్టిరి. వాల్వును మాత్రము మేస్త్రి కడిగి మరల పెట్టుటకు ఒప్పుకొనలేదు. "ప్రాణము కాపాడు వస్తువు విషయమున పొదుపు పనికిరాదు," అని క్రొత్తదానిని తెప్పించెను. లోపల అరిగి సన్నబడిన మెగ్నీషియము కడ్డీనికూడ మార్చెను. తొట్టి లోహమును త్రుప్పు తినకుండ తాను ముందు అరిగిపోవుట ఆ కడ్డీ పని. ఇదంతయు ఎలక్ట్రీషియనుగాని అనుభవజ్ఞుడగు మేస్త్రిగాని చేయవలసినది. పిల్లలు గీజరు బిళ్లను ముట్టరాదు.

జల్లుకుళాయి కథ ఇంత కష్టమైనది కాదు. నాలుగైదు గంటలు నానిన పిమ్మట దానిని పాత పళ్లబ్రష్షుతో తోమి, మిగిలిన రంధ్రములను సూదితో పొడిచి, వెనుకవైపునుండి నీరు పోసి కడిగిరి. దింపుటకు వీలుకాని కుళాయికి వినెగరు పోసిన ప్లాస్టిక్ సంచిని తగిలించి దారముతో కట్టవచ్చును. మెఱుగుపూత గల కుళాయిలను రాత్రియంతయు నాననిచ్చిన పూత మాసిపోవును. వినెగరు దొరకనిచో కిరాణాకొట్టులో అమ్ము నిమ్మ ఉప్పును వేడినీటిలో కలిపి వాడవచ్చును. ఇత్తడి బిందెలను చింతపండుతో తోముట మన ఇండ్లలో అనాదిగా వచ్చుచున్న పని. అదియు పులుపుయొక్క ప్రతాపమే. కొన్ని ఊళ్ల నీటిలో సల్ఫేటు గార, ఇసుకజాతి గార కట్టును. అవి వినెగరుకు లొంగవు, గీకి తీయవలసినదే.

పాత ఇనుప గొట్టములలో గారయు త్రుప్పును కలిసి దారిని మూసివేసినప్పుడు ఏ పులుపును పనిచేయదు. గొట్టపు లోపలి వ్యాసము సగమైనచో దారి సగము కాదు, నాలుగవ వంతు మాత్రమే యగును. పై అంతస్తులో నీరు రాలేదని మోటారును మార్చువారు ముందు గొట్టము ముక్కనొకదానిని కోసి చూచుట మేలు.

మరునాడు బాలుడు పెచ్చు నొకదానిని జేబులో వేసికొని బడికి తీసికొనిపోయెను. సైన్సు ఉపాధ్యాయుడు దానిని తరగతికంతకు చూపి, మూడు సీసాలు తెప్పించెను. ఒకదానిలో వాననీరు, ఒకదానిలో నాగార్జునసాగరు కాలువనీరు, మూడవదానిలో బోరునీరు సమానముగా పోయించెను. సబ్బును వాననీటిలో కరగించి, ఆ సబ్బునీటిని ఒక్కొక్క చుక్కయే వేయుచు సీసాలను కుదుపుమనెను. వాననీటిలో కొద్ది చుక్కలకే నురుగు నిలిచెను. కాలువనీటికి మఱికొన్ని కావలసివచ్చెను. బోరునీటిలో ఎన్ని చుక్కలు వేసినను చాలసేపు నురుగు రాక, పెరుగు విరిగినట్లు తెల్లని తెట్టు తేలెను. కాల్షియము సబ్బును పట్టుకొని నీటిలో కరగని తెట్టుగా మార్చును. కాల్షియము తీరినగాని నురుగుకు సబ్బు మిగులదు. బకెట్టు అంచున అంటుకొను జిడ్డు ఆ తెట్టే. ఈ పరీక్ష సబ్బుతోనే చేయవలెను. బట్టల పౌడరు కఠినజలములోను నురుగు నిచ్చును. కుంకుడురసమును కఠినజలము అంతగా చెడగొట్టజాలదు. బోరునీటితో తలంటుకొను అవ్వలు షాంపూ రాకముందు కుంకుడును నమ్ముకొనుట ఊరక కాదు.

పప్పు సంగతియు అప్పుడే తేలెను. గింజలోని కణములను అంటిపట్టియుంచు పెక్టిను అను జిగురును కాల్షియము మఱింత బిగించును. అందుచేత పప్పు మెత్తబడదు. దుకాణదారు నిర్దోషి. నాయనమ్మ తన చిన్ననాట పప్పుకొఱకు ప్రత్యేకముగా చెఱువునీరు మోయించెడివారని జ్ఞాపకము చేసికొనెను. "బోరునీటిలో పప్పు, రాతిలో నూనె," అని ఆమె తేల్చివేసెను.

పిల్లలచేత ఉపాధ్యాయుడు ఒక లెక్క చేయించెను. లీటరుకు 500 మిల్లీగ్రాముల కాఠిన్యముగల నీటిని ఒక ఇంటివారు దినమునకు 500 లీటర్లు వాడినచో, ఆ ఇంటిగుండ ఏటికి ఎంత రాయి ప్రవహించును? దినమునకు పావుకిలో, ఏటికి 91 కిలోలకు పైబడి. అందులో మిక్కిలి స్వల్పభాగమే గొట్టములలో నిలుచును, తక్కినది మురుగుకాలువలో పోవును. ఆ స్వల్పభాగమే ఇంత పని చేసినది. త్రాగునీటికి భారత ప్రమాణముల సంస్థ 2012లో ప్రకటించిన ప్రమాణముల ప్రకారము కాఠిన్యము లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకుండుట మంచిది. వేఱు నీరు దొరకనిచో 600 వఱకు అనుమతింపబడును. కఠినజలము త్రాగినచో మూత్రపిండములలో రాళ్లు పుట్టునని ఊరిలో పలువురు భయపడుదురు. కుళాయిలో రాయి కట్టినది గనుక కడుపులోను కట్టునను తర్కమిది. శాస్త్రపరిశోధనలు దీనిని స్థిరపఱచలేదు. మఱియు మృదుజలమంతయు మంచినీరనుటయు పొరపాటే. నల్లగొండ ప్రాంతమున ఎముకలను వంచిన ఫ్లోరైడు, కాల్షియము తక్కువగా నున్న నీటిలోనే ఎక్కువగా కరగుచుండును.

నీటి కాఠిన్యమును ముందే తీసివేయు ఉపాయములు లేకపోలేదు. వానిలో అతి విచిత్రమైనదానిని స్కాట్లండులోని ఆబర్డీను నగరమున రసాయనశాస్త్రాచార్యుడైన థామస్ క్లార్కు 1841లో కనుగొని హక్కు పత్రము పొందెను. నీటిలోని సున్నమును తీయుటకు ఆయన నీటిలో సున్నమే కలిపెను! ముల్లును ముల్లుతో తీయుట యనగా నిదియే. కాల్చిన సున్నము నీటిలోని బొగ్గుపులుసు వాయువును పట్టుకొనును; వాయువు తప్పగానే కరగియున్న సున్నపురాయి, వచ్చి చేరిన సున్నము రెండును కలిసి అడుగునకు దిగును. సున్నపు బట్టీలమధ్య నివసించు పిల్లలకు ఈ ప్రయోగమునకు సామగ్రి వెదుకవలసిన పని లేకపోయెను. గ్లాసెడు బోరునీటిలో సున్నపుతేట కొంచెము కొంచెముగా పోయగా నీరు పాలవలె తెల్లబడి, తెల్లవారుసరికి పిండి అడుగున చేరి పైని తేటనీరు నిలిచెను. ఆ తేట సబ్బు పరీక్షలో వాననీటికి దగ్గఱగా నిలిచెను. సున్నము పాలు మించినచో నీరు మరల కఠినమగును. కావున నీటి కర్మాగారములలో దీనిని కొలత తప్పక చేయుదురు. ఇంటిలో త్రాగుటకు ఇట్లు చేయరాదు.

కాచినంతనే పోవు కాఠిన్యము తాత్కాలికము. సల్ఫేటులు, క్లోరైడులవలన కలుగునది శాశ్వతము, కాచినను పోదు. దానికి బట్టలసోడా కావలెను. మన చాకలివారు పూర్వము బట్టలను సౌడుమన్నుతో ఉడుకబెట్టెడివారు. సౌడులో ఉన్నది సోడాయే. పాఠశాల ముఖము చూడనివారు నీటిని మృదువుచేయు రసాయనశాస్త్రమును చేతులలో నుంచుకొనిరి. నేడు పట్టణములలో వాడు యంత్రములలో సోడియము నిండిన జిగురుపూసలుండును. నీటిలోని కాల్షియమును తాము తీసికొని బదులుగా సోడియము నిచ్చును. పూసలు అలసినప్పుడు ఉప్పునీటితో కడిగినచో మరల శక్తి పొందును. ఆ కడుగునీటిని మొక్కలకు పోయరాదు. ఉప్పు తగ్గింపుమని వైద్యుడు చెప్పిన రోగులు అట్టి మెత్తని నీటిని త్రాగుటకుముందు వైద్యుని అడుగవలెను.

గుమాస్తాకు అట్టి యంత్రము కొను స్తోమత లేదు. ఆయన వాననీటికొఱకు డాబాక్రింద ఒక తొట్టి కట్టించెను. వానకాలమున పప్పుకును తలంటుకును ఆ నీరు చాలుచున్నది. గీజరు ముల్లును చివరిగీతనుండి నడిమికి త్రిప్పియుంచిరి. వేడి తగ్గినకొలది గారయు తగ్గును. స్నానమైన పిమ్మట జల్లుకుళాయిని గుడ్డతో తుడుచుట బాలుని పనియైనది. నెలకొకసారి వినెగరు స్నానము దానికి తప్పదు.

ఆసిడు సీసాను యజమాని దుకాణమునకు తిరిగి ఇచ్చివేసెను. ప్రతి నెల మొదటి ఆదివారమున ఆయన మెయిను ఆపి, నీరు చల్లారినదాక వేచియుండి, గీజరు వాల్వుమీటను తానే ఎత్తి చూచును. ఆ సమయమున నాయనమ్మ వాకిటనుండి అడుగును:

"నీరు వచ్చినదా, నాయనా?"

"వచ్చినదమ్మా," అని ఆయన లోపలినుండి చెప్పును. అటుపిమ్మటనే ఆమె పీట వేసికొనును.